మూడు రంగుల వలయానికి మరమ్మతు

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21 విమానాలకు వైమానిక దళం వీడ్కోలు పలికింది. 1963లో దళంలో ప్రవేశించిన ఈ విమానం ఆరు దశాబ్దాలకు పైగా దేశానికి సేవ చేసింది. నాసిక్‌లో దాని దేహం, కోరాపుట్‌లో ఇంజను, హైదరాబాదులో ఎలక్ట్రానిక్ పరికరాలు తయారైనాయి. దాని ప్రతాపం గురించీ, ప్రమాదాలలో అసువులు బాసిన యువ పైలట్ల గురించీ రాజధానిలో చర్చ విస్తారంగానే జరిగింది. ఇక ఆ విమానం మనకు కానవచ్చేది ప్రదర్శనశాలల్లోనూ, కూడళ్ళలోని దిమ్మెల మీదా, కొందరి ఇళ్ళలోని బల్లల మీదా మాత్రమే. ఆ బల్ల మీది మిగ్ గురించే ఈ వారం ముచ్చట.

దక్షిణ ఢిల్లీలో ఉండే మిత్రులొకరు పదవీ విరమణ చేసిన ఉద్యోగి. ప్లాస్టిక్ భాగాలను అతికించి నమూనా విమానాలు తయారుచేయడం ఆయన వ్యాసంగం. ముప్పై ఏళ్ళుగా దాచిన మిగ్-21 పెట్టెను వీడ్కోలు వార్త విన్నాక విప్పారు. అసలు విమానం రెక్కల వెడల్పు 7.15 మీటర్లు. 72వ వంతుకు కుదించిన నమూనాలో అది సుమారు 10 సెంటీమీటర్లు. భాగాలన్నీ చక్కగా కుదిరాయి. చిక్కంతా డెకాళ్ళతో వచ్చింది.

డెకాల్ అంటే కాగితం మీద నీట కరిగే జిగురు, ఆపైన పలుచని లక్క పొర, దాని మీద అచ్చు వేసిన రంగు. నీటిలో తడిపితే పొర కాగితాన్ని వదలి విమానం మీదికి జారుతుంది. మిత్రుని కాగితం పసుపుబారింది. అంచుముక్కను నీటిలో వేసి చూస్తే తునాతునకలైంది. అన్నిటినీ మించి, కాషాయం ఉండవలసిన చోట అచ్చువారు ఎరుపు వేశారు. మన వైమానిక దళ చిహ్నంలో వెలుపల కాషాయం, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ. ఇటలీ చిహ్నంలో వెలుపల ఆకుపచ్చ, లోపల ఎరుపు. కాషాయం ఎరుపైతే మన విమానం ఇటలీ వలయాన్ని తిరగవేసి తగిలించుకున్నట్లుంటుంది. భారత ప్రమాణాల సంస్థ మొదటి ప్రమాణం 1951లో జాతీయ పతాకానికే ఏర్పడింది. రంగుల విషయంలో దేశానికి గల పట్టింపు అటువంటిది.

మరమ్మతుకు మార్గాలు లేకపోలేదు. పసుపుబారిన కాగితాన్ని తేమ తగలని పారదర్శకపు సంచిలో ఉంచి, ఎండ పడే కిటికీ అద్దానికి కొన్నాళ్ళు అంటిస్తే పసుపు విరుగుతుంది. ఢిల్లీ ఎండకు ఇది కష్టమైన పని కాదు. చిట్లే డెకాళ్ళ మీద పారదర్శకమైన లక్క పలుచగా చల్లి ఆరనిస్తే పొరకు బలం వస్తుంది. అప్పుడు కాగితమంతా ఒకే పొర అవుతుంది గనుక ప్రతి గుర్తునూ అంచు వెంబడి కత్తిరించుకోవాలి. గరుకు రంగు మీద అంటిస్తే లోపల గాలి చిక్కి వెండి మెరుగులా కనిపిస్తుంది. అందుచేత ముందే నునుపైన మెరుగుపూత వేయాలి. అప్పటికీ గాలి మిగిలితే సూదితో పొడిచి, పొరను మెత్తబరచే ద్రావకం అద్దాలి. ఆ సమయంలో పొర ముడతలు పడుతుంది. కంగారుపడి వేలు పెట్టకుంటే ఆరాక దానంతటదే సర్దుకుంటుంది.

రంగు తప్పినదానికి మాత్రం మార్పిడే గతి. ఇంటి ముద్రణ యంత్రాలు సాధారణంగా తెలుపును అచ్చు వేయలేవు. ముదురు మభ్యపూత మీద తెల్లని అడుగు లేకుండా అంటిస్తే కాషాయం మట్టిరంగవుతుంది. మిత్రుడు వృత్తలేఖినికి కత్తి బిగించి అంటుకాగితంలో వలయాలు కోశారు. ముందు తెలుపు, పిదప ఆకుపచ్చ, చివర కాషాయం పూశారు. ఆరు చిహ్నాలకు మూడు సాయంత్రాలు పట్టింది.

మార్చేవారికి చేతి నేర్పుతో పాటు చరిత్ర కూడా తెలియాలి. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను సూర్యబింబంతో పొరబడకుండా ఈ ప్రాంతపు మిత్రపక్ష విమానాల గుర్తులలోని ఎరుపును తొలగించారు. స్వాతంత్ర్యానంతరం కొంతకాలం అశోకచక్రమే వైమానిక చిహ్నం. మూడు రంగుల వలయం 1950లో వచ్చింది. 1949 నాటి విమానానికి నేటి వలయం తగిలిస్తే, అది ఎంత అందంగా ఉన్నా అబద్ధమే. మిగ్‌ల విషయంలోనూ ఇంతే. 1971కి ముందు అవి లోహపు వెండి రంగులో ఎగిరేవి. యుద్ధ సమయంలో హడావుడిగా వాటికి మభ్యపూతలు పూశారు.

మిత్రుని అసలు కోరిక వేరు. 1971 డిసెంబరు 14న ఢాకా గవర్నరు భవనంపై రాకెట్లు కురిపించిన మిగ్‌లలో ఒకదానిని చేయాలని ఆయన సంకల్పం. తోకపై రక్షించిన మూడు రంగుల పట్టీ నిలిచింది. వలయాలు కుదిరాయి. మిగిలింది ‘సి’ అక్షరంతో మొదలయ్యే విమాన సంఖ్య. పెట్టెలోని సంఖ్య ఆనాటి దాడిలో పాల్గొన్నదేనని చెప్పగల ఛాయాచిత్రం ఆయనకు దొరకలేదు. పెట్టె మీది బొమ్మను నమ్మవచ్చు కదా, అడిగేవారెవరు అని నేనన్నాను.

“రేపు నా మనవడు అడుగుతాడండీ. వాడికేం చెప్పమంటారు?” అన్నారాయన.

ఇప్పుడా విమానం ఆయన బల్ల మీద ఉంది. కింద చెక్కముక్క మీద ‘మిగ్-21, 1971’ అని మాత్రమే రాసి ఉంది. ఢాకా పేరు లేదు. తోక మీద సంఖ్య ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది.