భవనము కూడ ఔషధమే

మనుష్యుడు ఎండవానలనుండి తన్ను తాను కాపాడుకొనుటకై మొదట ఇల్లు కట్టుకొనెను. కాని యింటివలన కలుగు ప్రయోజనము అంతతో ముగియలేదు. వేసవి మధ్యాహ్నమున ఎండలో నడచి వచ్చినవాడు పాతకాలపు మండువా యింటిలో అడుగు పెట్టినంతనే వాని దేహమునకే గాక మనస్సునకును చల్లదనము కలుగును. నడుమనున్న మండువానుండి గాలియు వెలుతురును నలువైపుల గదులకు ప్రసరించును. వీధి యరుగుపై బాటసారి కూర్చుండి సేద దీర్చుకొనును; సాయంకాలమున ఇరుగుపొరుగువారు అక్కడనే చేరి కష్టసుఖములు చెప్పుకొందురు. గాలి చొరని చీకటి గదిలో కొంతసేపు కూర్చున్నవానికో, కారణము తెలియకయే చిరాకు పుట్టును. గోడలు మాటాడవు. అయినను అవి తమ నడుమ నివసించువారి శరీరముపైనను మనస్సుపైనను నిరంతరము పనిచేయుచునే యుండును.

ఈ విషయము ఆరోగ్యవంతులకంటె రోగుల యెడల మరింత స్పష్టముగా కనబడును. గది బాగుండనిచో ఆరోగ్యవంతుడు లేచి వెలుపలికి పోగలడు. రోగి పోలేడు. వానికి ఆ నాలుగు గోడలే లోకము. కావున భవనము మనుష్యునకు చేయగల మేలును కీడును తెలిసికొనదలచినవారు ఆసుపత్రుల చరిత్రను పరికింపవలెను.

1854వ సంవత్సరమున క్రిమియా యుద్ధము జరుగుచుండగా, గాయపడిన ఆంగ్ల సైనికులను ఓడలపై స్కుటారికి చేర్చుచుండిరి. ఆ పట్టణము నేడు ఇస్తాంబులు నగరములో ఒక భాగము. అక్కడి గొప్ప సైనిక నివాసము నొకదానిని ఆసుపత్రిగా మార్చిరి. ఆ యేడు నవంబరులో ఫ్లారెన్సు నైటింగేలు 38 మంది పరిచారికలతో అచటికి చేరెను. ఆ భవనము చూచుటకు గంభీరమైనదే. కాని దాని క్రింది మురుగు కాలువలు పూడిపోయి యుండెను. గదులలో గాలి యాడకుండెను. యుద్ధభూమిలో తగిలిన గాయములకంటె ఈ భవనములో సోకిన విరేచనములు, జ్వరములు ఎక్కువమందిని బలిగొనుచుండెను. 1855 మార్చిలో ప్రభుత్వము పంపిన పారిశుద్ధ్య సంఘమువారు వచ్చి, కాలువలను బాగుచేయించి, గాలి వచ్చుటకు మార్గములు కల్పించి, గోడలకు సున్నము కొట్టించిరి. ఫిబ్రవరిలో రోగులు నూటికి 42 మంది చొప్పున మరణించుచుండగా, జూను నాటికి ఆ సంఖ్య 2కు దిగెను. ఇతర కారణములును కొన్ని దీనికి తోడ్పడినవి. కాని క్రొత్త మందేదియు అక్కడికి రాలేదు. మారినవానిలో ముఖ్యమైనది ఆ భవనమే.

నైటింగేలు ఈ పాఠమును మరువలేదు. 1859లో ఆసుపత్రులను గూర్చి యొక గ్రంథము వ్రాసి, రోగులుండు శాలలు ఎట్లుండవలెనో వివరించెను. పొడవైన శాల, ఇరువైపుల ఎత్తైన కిటికీలు, మంచమునకు మంచమునకు నడుమ తగినంత యెడము ఆమె కోరినవి. 1871లో లండను నగరమున థేమ్సు నది యొడ్డున నూతనముగా తెరువబడిన సెయింటు థామస్ ఆసుపత్రి ఈ పద్ధతిలో కట్టబడినదే.

తరువాత క్షయవ్యాధి భవన నిర్మాతలకు మరియొక పరీక్ష పెట్టెను. ఆ వ్యాధిని కలిగించు సూక్ష్మజీవిని 1882లో రాబర్టు కోక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. శత్రువెవరో తెలిసినది కాని, దానిని చంపగల మందు మరి అరువది యేండ్లకు గాని దొరకలేదు. అంతవరకు వైద్యులు ఇయ్యగలిగినవి విశ్రాంతి, బలమైన ఆహారము, స్వచ్ఛమైన గాలి, ఎండ మాత్రమే. వీనికొరకై ఊళ్లకు దూరముగా, ఆరోగ్యకరమైన తావులలో శానటోరియములను నిర్మించిరి. మన రాయలసీమలో మదనపల్లె చెంత వెలసిన ఆరోగ్యవరము శానటోరియము అట్టిదే. అక్కడి పొడి గాలిని మేలైనదిగా నెంచి 1915 ప్రాంతమున దానిని నెలకొల్పిరి. ఫ్రిమోట్ మోలర్ అను డేనిష్ వైద్యుడు దానికి తొలి అధికారిగా నుండెను. ఆ యూరి పేరే అచటికి వచ్చువారి ఆశను తెలుపుచున్నది.

ఇట్టి శానటోరియములలో ఉత్తర ఐరోపాలోని ఫిన్లెండు దేశపు పైమియో శానటోరియము మిక్కిలి ప్రసిద్ధి చెందినది. దాని నిర్మాణమునకై జరిగిన పోటీలో 1929లో ఆల్వార్ ఆల్టో అను వాస్తుశిల్పి గెలుపొందెను. అప్పటి కతనికి ముప్పదియొక్క యేండ్లు. అతని భార్య ఐనో కూడ వాస్తుశిల్పియే. ఆమె యీ పనిలో అతనికి తోడ్పడెను. ఆ దినములలో ఆల్టో స్వయముగా జబ్బుపడి కొంతకాలము మంచముపై నుండవలసి వచ్చెననియు, గదులన్నియు నిలుచుండువారి కొరకే కట్టబడుచున్నవి గాని పరుండియుండువారి కొరకు కాదని అప్పుడే తనకు తోచెననియు అతడు తరువాత చెప్పెను. చిన్నదిగా కనబడు ఈ యూహయే ఆ భవనమున కంతటికిని పునాది యైనది.

పరుండినవానికి ఎల్లప్పుడు కనబడునది గోడ కాదు, పైకప్పు. కావున ఆల్టో పైకప్పునకు కన్నులకు హాయి గొలుపు ఆకుపచ్చని వన్నె వేయించెను. దీపపు వెలుగు సూటిగా రోగి కన్నులలో పడకుండునట్లు దీపములను అమర్చెను. ఫిన్లెండు మిక్కిలి చలి దేశము. అచట గదులను వెచ్చచేయక తప్పదు. ఆ వేడి రోగి పాదములవైపు ప్రసరించి, తల చల్లగా నుండునట్లు ఏర్పాటు చేసెను. కిటికీలను జంట తలుపులతో నిర్మించి, బయటి గాలి వాని నడుమ కొంత వెచ్చబడి, ఈదురుగాలి వలె మీద కొట్టక మెల్లగా లోనికి వచ్చునట్లు కూర్చెను. రోగుల గదులన్నియు ఎండ వచ్చు దిక్కునకు తెరచియుండెను. రోగులు పరుండి ఎండ కాగుటకు పొడవైన వసారాలుండెను. అక్కడనుండి చూచిన దేవదారు జాతి వృక్షముల యడవి కనులపండువుగా కానవచ్చును.

గదికి ఇద్దరేసి రోగులు. ఒకడు నిద్రించుచుండగా రెండవవాడు చేతులు కడుగుకొనవలసి వచ్చును. నీరు తొట్టిలో పడు చప్పుడునకు మొదటివానికి మెలకువ రావచ్చును. క్షయరోగికి నిద్రయే బలము గదా! అందుచేత ఆల్టో నీటిధార ఏటవాలుగా పడి చప్పుడు చేయకుండునట్లు తొట్టిని ప్రత్యేకముగా రూపొందించి, ఒక్కొక్క రోగికి ఒక్కొక్కటి యమర్చెను. తలుపుల పిడులను సహితము వైద్యుల అంగీచేతులు తగులుకొనని విధముగా చేయించెను. ఆ కాలమున ఉక్కు గొట్టముల కుర్చీలు వాడుకలోనికి వచ్చుచుండెను. ఉక్కు తాకినంతనే చల్లగా తగులునని అతడు బర్చి చెట్టు పలుచని చెక్క పొరలను అతికించి, వంచి కుర్చీలు చేయించెను. వాని వీపు పలక రోగి సులభముగా ఊపిరి తీయుటకు అనువైన వాలులో నుండెను. ఆ శానటోరియము 1933లో రోగుల కొరకు తెరువబడెను.

ఆ భవనము క్షయను నయము చేసెనని చెప్పుట సరికాదు. ఎండయు విశ్రాంతియు శరీరమునకు బలమిచ్చునే గాని సూక్ష్మజీవులను నిర్మూలింపవు. ఎందరో రోగులు శానటోరియములలోనే కన్ను మూసిరి. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టబడిన పిమ్మట మందులే క్షయను జయింప మొదలిడెను. పైమియోలోని రోగుల సంఖ్య క్రమముగా తగ్గెను. ఆ శానటోరియము సామాన్య వైద్యశాలగా మారెను. అట్లయిన, మంచి మందులు దొరికిన తరువాత భవనముతో పని లేదా?

ఈ ప్రశ్నకు రెండు పరిశోధనలు సమాధానము చెప్పుచున్నవి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు ఆసుపత్రి యొకదానిలో పిత్తాశయమునకు శస్త్రచికిత్స పొందిన 46 మంది వివరములను రోజర్ ఉల్రిక్ అను పండితుడు పరిశీలించి, 1984లో ప్రకటించెను. వారిలో 23 మంది గదుల కిటికీలనుండి చెట్లు కనబడుచుండెను; తక్కిన 23 మందికి ఇటుక గోడ మాత్రమే కనబడుచుండెను.  చెట్లను చూచినవారు సగటున ఇంచుమించు ముప్పాతిక దినము ముందుగా ఇండ్లకు పోయిరి. బలమైన నొప్పి మందులును వారికి తక్కువగా కావలసి వచ్చెను. రెండవ పరిశోధన పెరూ దేశ రాజధాని లిమాలోని ఆసుపత్రులలో జరిగి 2007లో వెలువడెను. ఎత్తైన పైకప్పులు, పెద్ద కిటికీలు గల పాత భవనములలో గాలి, క్రొత్త భవనములలోకంటె బాగుగా మారుచున్నదని అందు తేలెను. క్షయ గాలి ద్వారమున వ్యాపించు వ్యాధి. కావున తెరచిన కిటికీ నేటికిని ప్రాణరక్షకమే. మందు రోగిని బాగుచేయును; కిటికీ ప్రక్కవానిని రోగి కాకుండ కాపాడును.

పైమియో భవనములో విలువైన పాలరాతి స్తంభములు గాని, బంగారు పూతలు గాని లేవు. కట్టినవాడు ఒక్క పని మాత్రము చేసెను. తాను కట్టు గదిలో ఎవరు నివసింతురో, వారు ఏమి చూతురో, ఏమి విందురో, వారికి ఎక్కడ నొప్పి కలుగునో ముందుగా ఊహించెను. చప్పుడు చేయని ఆ నీటితొట్టిని గూర్చి ఆలోచింపుడు. ఒకరి నొకరు ఎరుగని ఇద్దరు రోగులు ఒక గదిలో కలహము లేక, విసుగు లేక నెలల తరబడి కలసి యుండుటకు అది తోడ్పడినది. శాంతి యనునది గొప్ప సభలలో మాత్రమే పుట్టదు; ఒకరి నిద్రను మరియొకరు చెడగొట్టకుండునట్లు గది నమర్చుటలో కూడ అది కలదు.

ఈ బుద్ధి ఆసుపత్రులకు మాత్రమే చాలదు. ఇల్లు కట్టువారు వంట చేయువారి కన్నులకు పొగ తగులకుండునట్లు చూడవలెను. పాఠశాల కట్టువారు చివరి బల్లపై కూర్చున్న పిల్లవానికిని వెలుతురు అందునా యని చూడవలెను. వీధి తీర్చువారు ముసలివారు ఆగి కూర్చుండుటకు చెట్టునీడ విడువవలెను. వీనికి అధిక ధనము అక్కరలేదు. కట్టక ముందే ఒక్క క్షణము ఇతరుల స్థానమున నిలుచుండి, అవసరమైనచో పరుండి, చూడగల మనస్సు కావలెను.