కార్డుకు నీళ్లు పోద్దామా, కొత్తది కొందామా?

"తాతయ్యా, ఎండాకాలం వచ్చేసరికి నా గ్రాఫిక్స్ కార్డు 84 డిగ్రీలు చూపిస్తోంది. ఆట మధ్యలో నత్తనడక పడుతోంది. వాటర్ కూలింగ్ పెట్టించమంటావా, కొత్త కార్డు కొనిస్తావా?" అని అడిగాడు మా మనవడు. వాడిది జీటీఎక్స్ 1070, 2016లో వచ్చిన రకం. పాల్వంచలో ఉంటూ ఈ ప్రశ్నకు జవాబు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఇక్కడి కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీఎస్) వల్ల, నీళ్లతో వేడిని మోయించడం ఈ ఊరికి అలవాటైన పనే.

ముందు ఒక సంగతి తెలుసుకో నాన్నా. ఆ కార్డు జోరు మీదుంటే 150 వాట్ల కరెంటు తాగుతుంది. లెక్కలన్నీ చేసి బొమ్మ తెరకు పంపాక ఆ కరెంటంతా చివరికి వేడిగానే బయటపడుతుంది. నువ్వు ఆడుతున్నంతసేపూ గదిలో 150 వాట్ల హీటర్ పెట్టుకున్న లెక్కే. ఆ వేడి చిప్పులోంచి లోహపు రేకుల్లోకి, రేకుల్లోంచి ఫ్యాను గాలిలోకి, అక్కడి నుంచి గదిలోకి పోవాలి. గది వేడి ఎంతుంటే దాని మీద ఒక నలభై, నలభై అయిదు డిగ్రీలు చిప్పు వేడి ఉంటుందనుకో. సంక్రాంతి రోజుల్లో గది 22 డిగ్రీలుంటే చిప్పు 67 దగ్గర హాయిగా ఉంటుంది. రోళ్లు పగిలే ఎండల్లో గదే 40కి చేరితే చిప్పు 85కి పోవాలని చూస్తుంది. కానీ ఈ కార్డుకు కంపెనీ పెట్టిన గీత 83. అది దాటబోతే చిప్పు తన వేగం తానే తగ్గించుకుంటుంది. నీ నత్తనడక అదే.

ఇక నీళ్ల సంగతి. లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించాలంటే 4.2 కిలోజౌళ్లు కావాలి. నీ కార్డు ఆ పని 28 సెకన్లలో చేసేస్తుంది. ఆ వేడిని రేడియేటర్ గాలికి వదలకపోతే పావుగంటలో ఆ లీటరు నీళ్లు ముప్పై డిగ్రీలు ఎక్కి కూర్చుంటాయి. అంటే నీళ్లు చేసేది మోత పని. దించుకోవాల్సింది మళ్లీ నీ గది గాలే.

మరి మన కేటీపీఎస్ కూలింగ్ టవర్లలో నీళ్లు ఎలా చల్లబడేవి? అక్కడ కిన్నెరసాని నీళ్లు టర్బైన్ దాటొచ్చిన ఆవిరిని చల్లార్చి, వేడెక్కి, టవర్లో జల్లుగా పడేవి. పడుతూ కొంచెం ఆవిరయ్యేవి. ఆ ఆవిరి మిగతా నీళ్ల వేడిని వెంట పట్టుకుపోయేది. కుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే కదా. టవర్ల మీద తెల్లగా లేచేదాన్ని చాలామంది పొగ అనుకునేవారు. అది ఆవిరి. పొగ పోయేది సన్నగా పొడుగ్గా ఉండే చిమ్నీల్లోంచి. లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 2400 కిలోజౌళ్లు పట్టుకుపోతాయి. నీ కార్డు నాలుగు గంటలకు పైగా కక్కే వేడి అది! కంప్యూటర్ గొట్టాలు మాత్రం బిగించి ఉంటాయి. వాటిలో ఈ ఆవిరి మంత్రం పారదు. అందుకే గది 40 ఉంటే గొట్టాల్లో నీళ్లు 40 కిందికి దిగవు.

అలాగని వాటర్ కూలింగ్ దండగ అనను. రేడియేటర్ పెద్దది కాబట్టి చిప్పు బాగా చల్లబడుతుంది, ఫ్యాన్ల రొద తగ్గుతుంది. 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090కో, 575 వాట్ల 5090కో పెట్టుకుంటే అర్థముంది. పదేళ్ల నాటి 150 వాట్ల కార్డుకు దాని బోర్డు కొలతకు సరిపోయే వాటర్ బ్లాకు (చిప్పు వేడిని నీళ్లకు అందించే లోహపు దిమ్మ) వెతకాలి, పంపు, రేడియేటర్, గొట్టాలు కొనాలి. ఖర్చు కొత్త మధ్యరకం కార్డు దరిదాపులకు పోతుంది. పైగా రేపు కార్డు మారిస్తే ఆ బ్లాకు దానికి పట్టదు.

కాబట్టి ముందు ఖర్చులేని పనులు చేద్దామన్నాను. కార్డు ఫ్యాన్లు ఊడదీసి చూస్తే రేకుల సందుల్లో దుమ్ము అట్టకట్టి ఉంది, బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్క ఇల్లు మరి. చిప్పు మీది థర్మల్ పేస్టు ఎండిపోయి పెచ్చులుగా లేచింది. పాత పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులిపి, పెచ్చులు తుడిచి, కందిగింజంత కొత్త పేస్టు పెట్టి బిగించాం. తర్వాత వోల్టేజి కాస్త దించాం. చిప్పు తాగే కరెంటు వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం మార్చకుండా వోల్టేజి పదో వంతు తగ్గించగలిగితే వేడి దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. నీళ్లకు పెట్టే డబ్బు కంటే ఈ చిన్న లెక్క మీద నాకు నమ్మకం ఎక్కువ.

అయితే చల్లదనం పోయిన వేగాన్ని తిరిగిస్తుందేగానీ లేని శక్తిని తేలేదు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆటకు రే ట్రేసింగ్ చేసే చిప్పు ఉండి తీరాలి. 1070లో అది లేదు. ఎన్ని నీళ్లు పోసినా ఆ ఆట తెరుచుకోదు. కొత్త ఆటల కోసం ఈ తరం కార్డులకు చేసే డ్రైవర్లను కూడా ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది.

కేటీపీఎస్‌లోనూ ఇంతే. 1966 నుంచి ఒక్కొక్కటిగా వచ్చిన ఎనిమిది పాత యూనిట్లు కలిపి 720 మెగావాట్లు. వాటిని యాభై ఏళ్లు మరమ్మతులతో నెట్టుకొచ్చారు. 2018లో వచ్చిన ఏడో దశలో ఒక్క యూనిట్టే 800 మెగావాట్లు, అదీ యూనిట్ కరెంటుకు తక్కువ బొగ్గుతో. 2020లో పాతవి మూతపడ్డాయి. 2024 ఆగస్టు 5న వాటి కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేల్చి నేలకూల్చారు. వాటి కింద పెరిగిన ఊరికి అది చిన్న కష్టం కాదు. అయినా ఆ యూనిట్లకు ఇంకా మంచి టవర్లు కట్టి ఉంటే 60 మెగావాట్లది 800 అయ్యేది కాదుగా.

కార్డుల్లోనూ అదే లెక్క చూడు. 2023 నాటి ఆర్‌టీఎక్స్ 4060 తాగేది 115 వాట్లే, పని మాత్రం 1070ని మించి చేస్తుంది. గదిలో హీటర్ కూడా చిన్నదవుతుంది. మెమరీ మాత్రం అదే 8 జీబీ. పెద్ద టెక్స్చర్లతో ఆడాలంటే 16 జీబీ ఉన్న 5060 టీఐ మేలు, కానీ అది 180 వాట్లు. అది కొంటే ఆ వేడి బయటికి పోయేలా కిటికీకి ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా బిగించు నాన్నా.