రాయచూరు తెలుగు విద్యార్థి: ఏ విశ్వవిద్యాలయం మనది?

రాయచూరులోని పాత తెలుగు కుటుంబాల్లో "మీరెక్కడ చదివారు?" అని అడిగితే తరానికొక ఊరి పేరు వినిపిస్తుంది. తాతగారిది హైదరాబాదు, తండ్రిగారిది ధార్వాడ, కుమారునిది గుల్బర్గా. ఇల్లు కదలలేదు; విశ్వవిద్యాలయమే మారింది.

1956 నవంబరు 1 దాకా రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లా. 1918లో ఏర్పడిన ఉస్మానియాయే అప్పటి పై చదువులకు గడప. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో గద్వాల, ఆలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు పోగా, మిగిలిన జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరింది. ఇక్కడి కళాశాలలు ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం కిందికీ, 1980 తర్వాత గుల్బర్గా విశ్వవిద్యాలయం కిందికీ వచ్చాయి. రాయచూరులోనే వ్యవసాయ విశ్వవిద్యాలయం వెలసింది 2009లో.

సింధనూరు, మాన్వి క్యాంపుల కథ వేరు. తుంగభద్ర కాలువల వెంట కోస్తా జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన రైతులకు ఉస్మానియాతో పాత అనుబంధం లేదు. వారి చూపు గుంటూరు, విజయవాడల మీద. పదవ తరగతి ఇక్కడ ముగించి, ఇంటర్మీడియట్‌కు పిల్లలను అక్కడి హాస్టళ్ళలో చేర్చడం చాలా ఇళ్ళలో ఆనవాయితీ. చదువు పట్ల వారి శ్రద్ధను తప్పుపట్టలేము. చిక్కు ఆ తర్వాత వస్తుంది.

"రెండేళ్ళు ఇక్కడే చదివాను, నేను స్థానికుణ్ణి కాదా?" అన్నది అక్కడ తరచు వినిపించే ప్రశ్న. కాదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆంధ్రప్రదేశ్‌లో 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది. స్థానికుడు కావాలంటే ప్రవేశానికి ముందు వరుసగా నాలుగేళ్ళ చదువో నివాసమో అక్కడ ఉండాలి. రెండేళ్ళ ఇంటర్మీడియట్ ఆ లెక్కకు చాలదు. 2014 విభజన తర్వాత ఈ విషయంలో మార్పులు జరిగాయి కనుక ఏ ఏటి ప్రకటనను ఆ ఏడే చదువుకోవాలి.

మరి కర్ణాటకలో? అక్కడ వారికి తలుపు మూసుకుపోలేదు. పైగా 2012 నాటి సవరణ చట్టంతో రాజ్యాంగంలో చేర్చిన 371(జె) అధికరణం వల్ల హైదరాబాదు కర్ణాటక ప్రాంతపు విద్యాసంస్థల్లో 70 శాతం సీట్లు ఆ ప్రాంతం వారికి దక్కుతున్నాయి. పదేళ్ళ నివాసం చూపగల క్యాంపు కుటుంబాలకూ ఇది వర్తిస్తుంది. అయితే ధ్రువపత్రం కావాలి. చేతికి రావడానికి వ్యవధి పడుతుంది. కౌన్సెలింగు ముందురోజు వెతికేది కాదు అది. నాకు తెలిసినంతలో పట్టభద్రుల పశ్చాత్తాపం విశ్వవిద్యాలయం మంచిచెడ్డల గురించి తక్కువ, ఈ కాగితం గురించి ఎక్కువ.

తెలుగులోనే ఎం.ఏ. చేయదలచినవారికి హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. కేంద్ర సంస్థ కనుక స్థానికత పట్టింపు లేదు. బెంగుళూరులోనూ తెలుగు శాఖ ఉంది. ఈ సంగతి డిగ్రీ చివరి ఏడాది దాకా తెలియనివారిని చూశాను.

గుల్బర్గాలో చదివినవారి మాట విచిత్రంగా ఉంటుంది. "హైదరాబాదు పోలేకపోయాను" అన్న వెలితి ఉంటుంది; ఆ మాట అంటూనే కర్ణాటక ప్రభుత్వోద్యోగానికి కావలసిన కన్నడం అక్కడే అబ్బిందని ఒప్పుకుంటారు. విజయవాడ వెళ్ళి వచ్చినవారికి తెలుగు నిలిచింది, ఇక్కడి కచేరీలో అర్జీ రాయాలంటే తడబాటు. గుల్బర్గా పట్టభద్రుడు ఆ అర్జీని నిమిషాల్లో రాసిస్తాడు. ఇంటికి తెలుగు శుభలేఖ వస్తే మాత్రం తల్లి చేత చదివించుకుంటాడు.