యంత్రానికి చూపు నేర్పే చదువు... మన కాటూరు బిడ్డ కథ!

చాటలో బియ్యం పోసుకుని, పక్కింటి వదినతో కబుర్లాడుతూనే రాళ్ళు ఏరేస్తుంటాం. రాయేదో, వడ్లగింజేదో కన్ను ఇట్టే పట్టేస్తుంది. "ఇదీ ఒక విద్యేనా?" అనుకుంటాం. కానీ ఇలా చూసి గుర్తుపట్టడం యంత్రానికి నేర్పాలని పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు దశాబ్దాల తరబడి తంటాలు పడ్డారంటే నమ్ముతారా?

వాళ్ళలో ముందువరుస మనిషి మనవాడే! పేరు దబ్బల రాజగోపాల్ రెడ్డి. లోకానికి రాజ్ రెడ్డి. 1937లో అప్పటి మన చిత్తూరు జిల్లాలో, శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో, రైతు కుటుంబంలో పుట్టారు. కన్నప్ప శివుడికి తన కళ్ళిచ్చిన చోటు కదూ కాళహస్తి! ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివారు ఈయనే. 1958లో మద్రాసు గిండీలో ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఆస్ట్రేలియాలో పైచదువు చదివి, 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ అందుకున్నారు. మనిషి మాటను కంప్యూటరు పోల్చుకునేలా చేయడం ఆయన ముఖ్య పరిశోధన.

1979లో పిట్స్‌బర్గ్‌లో, అదే మన వెంకన్న గుడి ఉన్న ఊళ్ళో, కార్నెగీ మెలన్ యూనివర్సిటీ రోబో పరిశోధన సంస్థను పెడితే దానికి తొలి డైరెక్టరు ఆయనే. 1991 దాకా నడిపారు.

చుక్కల ముగ్గే!

ఇంతకీ యంత్రం ఎలా చూస్తుంది? మనం ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు, కెమెరాకు బొమ్మంతా చుక్కలే. ఒక్కో చుక్కకూ వెలుగును బట్టి ఒక అంకె. అంకెలు ఉన్నట్టుండి మారిన చోట అంచు ఉందని లెక్క. అంచులు కలిపితే ఆకారం. ఆ ఆకారం చెంబా, పిల్లా అని పోల్చుకోవడమే అసలు కష్టం.

1995లో ఆ సంస్థ కారు పిట్స్‌బర్గ్ నుంచి శాన్‌డియాగో దాకా సుమారు 4,500 కిలోమీటర్లు వెళ్ళింది. దారిలో నూటికి 98 వంతులు స్టీరింగును కంప్యూటరే తిప్పింది. బ్రేకు మాత్రం మనుషులే చూసుకున్నారు లెండి! ఇప్పుడు మనం కొనే సార్టెక్స్ బియ్యంలో నల్లగింజను ఏరేది కూడా కెమెరా కన్నున్న యంత్రమే.

కంప్యూటర్ రంగానికి నోబెల్ లాంటి ట్యూరింగ్ అవార్డును 1994లో రాజ్ రెడ్డి మరొకరితో కలిసి అందుకున్నారు. 2001లో పద్మభూషణ్ వచ్చింది.

మన పిల్లల మాట

పల్లె పిల్లల కోసం 2008లో పెట్టిన రాజీవ్ గాంధీ ట్రిపుల్ ఐటీలకు తొలి ఛాన్సలరూ ఆయనే. ఇడుపులపాయ, నూజివీడు, బాసరల్లో మొదలయ్యాయి. పదో తరగతి మార్కుల మీదే సీటు. హాస్టల్లో ఉండి ఆరేళ్ళు చదివితే ఇంజనీరే!

అయినా గంగవరం, పలమనేరు, పుంగనూరు పల్లెల్లో పది పాసైన ఆడపిల్లను "ఇంక చదివింది చాల్లే" అనే ఇళ్ళు ఇంకా లేకపోలేదు. చాటలో రాయిని ఒక్కచూపులో పట్టేసే మనం, ఇంట్లో ఉన్న రత్నాన్ని గుర్తుపట్టలేమా?