అనంతంలో ఎర్ర చుక్క

పదో తరగతికి పుటాకార దర్పణం పాఠం చెబుతూ, నాభి దగ్గర దీపం పెడితే కాంతి సమాంతర కిరణాలుగా బయటికొస్తుందని బోర్డు మీద గీతలు గీశాను. ఉదాహరణకి ఎప్పుడూ చెప్పేదే, కారు హెడ్‌లైటు చెప్పాను. వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి, "సార్, పబ్జీలో రెడ్ డాట్ కూడా ఇట్లాంటిదేనా?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నిజానికి ఆ పాఠానికి అంతకన్నా మంచి ఉదాహరణ మా పుస్తకంలో లేదు.

ఆ వీడియో ఆట ఆడినవాళ్లకి ఈ వస్తువును పరిచయం చెయ్యక్కర్లేదు. తుపాకీ మీద చిన్న గాజు కిటికీ, అందులో ఎర్ర చుక్క, చుక్క ఎక్కడ నిలిస్తే గుండు అక్కడికి. ఒక్క సంగతి మాత్రం ముందే తేల్చుకుందాం. మన సినిమాల్లో విలన్ గుండెల మీద వచ్చి వాలే ఎర్ర చుక్క వేరు. అది లేజరు. ఆ వెలుగు నిజంగానే వెళ్లి అవతలివాడి చొక్కా మీద పడుతుంది. రెడ్ డాట్‌లో వెలుగు వెనక్కి తిరిగి గురిచూసేవాడి కంట్లోకే వస్తుంది. చుక్క ఆ ఒక్కడికే కనిపిస్తుంది.

మామూలు రైఫిలుకి వెనక ఒక గాడి, ముందు ఒక ములుకు ఉంటాయి. గాడి కంటికి దగ్గర, ములుకు దానికి కాస్త అవతల, లక్ష్యం ఎక్కడో వంద మీటర్ల దూరాన. మూడూ ఒకే గీత మీదికి రావాలి. కన్నేమో ఒకసారికి ఒక్క దూరాన్నే స్పష్టంగా చూడగలదు. ములుకు మీద చూపు నిలిపితే లక్ష్యం మసక, లక్ష్యాన్ని చూస్తే ములుకు మసక. చత్వారం వచ్చినవాళ్ల అవస్థ ఇక చెప్పక్కర్లేదు. లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన మన హైదరాబాద్ గగన్ నారంగ్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి సాధన చేసి ఈ చిక్కును లొంగదీసుకున్నారు. వాళ్ల పోటీల్లో ఎర్ర చుక్కల్ని ఒప్పుకోరు కూడా. అడవిలో వేటగాడికీ, యుద్ధంలో సిపాయికీ అంత తీరిక ఉండదు.

గురి గుర్తునీ లక్ష్యాన్నీ కన్ను ఒకే దూరంలో చూసేటట్టు చేస్తే? రైల్లో వెళ్తుంటే పట్టాల పక్క తాడిచెట్లు వెనక్కి పరుగెత్తుతాయి, చందమామ మాత్రం మనతోపాటే వస్తాడు. ఎంతో దూరంలో ఉన్నాడు గనక ఆయన నుంచి మన దగ్గరికి వచ్చే కిరణాలన్నీ దాదాపు సమాంతరాలే. కిటికీలో తల అటు జరిపినా ఇటు జరిపినా ఆయన దిక్కు మారదు. తుపాకీ మీద బెత్తెడు దూరంలో ఉన్న చుక్కకి ఈ గుణం అంటించగలిగితే పని అయిపోయినట్టే.

ఆ పని చేసినవాడు తుపాకుల వ్యాపారి కాకపోవడం నాకు భలే నచ్చుతుంది. డబ్లిన్ నగరంలో దుర్భిణులు తయారుచేసే హోవార్డ్ గ్రబ్ 1900లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. మనకి పరాయివాడేం కాదు. నవాబు జఫర్ జంగ్ తెప్పించగా హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీకి చేరిన 15 అంగుళాల దుర్భిణి గ్రబ్ కంపెనీదే. దుర్భిణి చేసే పనేమిటి? నక్షత్రం నుంచి సమాంతరంగా వచ్చే కిరణాల్ని నాభి దగ్గరికి చేరుస్తుంది. గ్రబ్ దాన్ని తిరగేశాడు. నాభి దగ్గర చిన్న వెలుగు గుర్తు పెట్టి, కటకంతో కిరణాల్ని సమాంతరంగా పంపి, ఏటవాలు గాజుపలక మీద పరావర్తనం చేయించి కంట్లోకి మళ్లించాడు. గాజులోంచి ఎదుటి దృశ్యం కనిపిస్తూనే ఉంటుంది, దాని మీద గుర్తు తేలుతూ ఉంటుంది. జీవితమంతా నక్షత్రాల కోసం కటకాలు అరగదీసిన మనిషి తుపాకీ మీద ఒక బుల్లి కృత్రిమ నక్షత్రాన్ని వెలిగించాడన్నమాట.

ఈనాటి రెడ్ డాట్‌లో ఏటవాలు పలకా కటకమూ ఒకటైపోయాయి. గొట్టం వెనక భాగంలో, కింద ఓ మూలన ఎర్ర ఎల్‌ఈడీ ఉంటుంది. అది ముందున్న వంపు గాజు వైపు వెలుగు చిమ్ముతుంది. ఆ గాజుకి పల్చని పూత వేసి ఉంటారు. అది ఎల్‌ఈడీ ఎరుపును మాత్రమే అద్దంలా వెనక్కి కొట్టి, మిగతా రంగుల్ని పోనిస్తుంది. అందుకే ముందునుంచి చూస్తే గాజు ఎర్రగా మెరుస్తుంది, వెనకనుంచి చూస్తే లోకం కాస్త నీలంగా కనిపిస్తుంది. పూత ఎంత నాసిరకమైతే నీలం అంత ఎక్కువ.

కిరణాలు సమాంతరం గనక దీని లెక్క చాలా అందంగా ఉంటుంది. కన్ను కిటికీ మధ్యనుంచి 1 సెంటీమీటరు పక్కకి జరిగిందనుకోండి, గురి గీత కూడా 1 సెంటీమీటరే జరుగుతుంది. లక్ష్యం 10 మీటర్లలో ఉన్నా 300 మీటర్లలో ఉన్నా తేడా అంతే. ఆటలో చుక్క ఎప్పుడూ కిటికీ నడిమధ్యనే కూర్చుంటుంది. అసలు వస్తువులో అది ఒక మూలకి పోయి వేలాడుతున్నా గురి గురే. ఆ కుర్రాడికి నేను ముందు చెప్పింది ఇదే.

ఇదంతా గాజు బుద్ధిగా ఉంటేనే. గోళం ముక్కలాంటి వంపు అంచుల దగ్గర కిరణాల్ని మధ్యభాగంతో సమానంగా మళ్లించదు. పాఠాల్లో దాన్నే గోళీయ విపథనం అంటాం. పైగా ఎల్‌ఈడీ చూపుకి అడ్డురాకుండా పక్కన ఉంది కాబట్టి గాజును ఏటవాలుగా పెట్టాలి, దాంతో దోషం ఇంకా పెరుగుతుంది. దీనికి మందు 1870ల్లోనే దొరికింది. ఫ్రెంచి సైనికాధికారి ఆల్ఫాన్స్ మాంజాఁ సెర్చిలైటు కోసం ఒక దర్పణం చేశాడు. దాని రెండు ముఖాలకీ రెండు రకాల వంపులు. ముందు ముఖం తెచ్చే దోషాన్ని వెనక ముఖం తెచ్చే దోషం కొట్టేస్తుంది. మంచి రెడ్ డాట్‌లలో రెండు కటకాల్ని అతికించి నడుమ అద్దపు పూత దాచేది ఈ ఉపాయంతోనే. చవకవాటిలో ఒంటి గాజే ఉంటుంది.

ఎయిర్ రైఫిల్ సాధన చేసే మిత్రుడు పక్కన పడేసిన ఓ చవక రకాన్ని బల్ల మీద పెట్టుకుని విప్పాను. ఒంటి గాజు, జిగురుతో అంటించింది. చిటికెన వేలి గోరంత పలక మీద ఎల్‌ఈడీ. దాన్ని అటూ ఇటూ నెట్టడానికి రెండు మరలు, ఎదురుగా రెండు స్ప్రింగులు. పలకని వేలితో తాకితే అది కదలడం కంటికే తెలుస్తోంది. ఇలాంటి దాని నాభ్యంతరం 4 సెంటీమీటర్లు అనుకుని లెక్క వెయ్యండి. ఎల్‌ఈడీ తలవెంట్రుక మందం, అంటే సుమారు 0.07 మిల్లీమీటరు పక్కకి జరిగితే, 100 మీటర్ల దూరంలో గురి 17 సెంటీమీటర్లు తప్పుతుంది! మర ఒక్క క్లిక్ తిప్పినప్పుడు చుక్క అర మినిట్ జరగాలంటే ఎల్‌ఈడీ కదలాల్సింది మిల్లీమీటరులో వెయ్యోవంతులు ఆరు. మినిట్ అంటే డిగ్రీలో 60వ వంతు, 100 మీటర్ల దగ్గర దాదాపు 3 సెంటీమీటర్లు. తుపాకీ పేలిన ప్రతిసారీ భుజానికి తగిలే దెబ్బే ఈ మరలకీ తగులుతుంది. ఖరీదైనదానికీ చవకదానికీ మధ్య డబ్బంతా పోయేది ఈ మరలకీ ఆ గాజుకీ. ఎర్ర దీపం వెల రూపాయల్లోనే.

దీపం చవకే కానీ అది లేకే గ్రబ్ ఆలోచన ఏళ్లూపూళ్లూ ఎక్కువగా విమానాలకే పరిమితమైపోయింది. 1918లో జర్మన్ యుద్ధవిమానాలు దీన్ని ప్రయత్నించాయి, రెండో ప్రపంచయుద్ధంలో స్పిట్‌ఫైర్ పైలట్ల ముందున్నదీ ఇదే. విమానంలో బల్బుకి కరెంటు ఉంటుంది, రైఫిలుకి ఎక్కడిది? 1970లో వియత్నాంలోని సొన్ తే యుద్ధఖైదీల శిబిరం మీద దాడికి వెళ్లిన అమెరికన్ సైనికులు బ్యాటరీ అక్కర్లేని సింగిల్‌పాయింట్ అనే గురి సాధనాన్ని వాడారు. దానిలోంచి ఎదురుగా ఏమీ కనపడదు. కుడికన్ను చుక్కని మాత్రం చూస్తుంది, ఎడమకన్ను లోకాన్ని చూస్తుంది, రెండింటినీ కలుపుకునే పని మెదడుది. ఎర్ర ఎల్‌ఈడీ 1962లో పుట్టింది. 1975లో స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ దాన్ని గ్రబ్ సూత్రంతో కలిపి వేటగాళ్ల చేతికిచ్చింది. 1997లో అమెరికా సైన్యమూ తీసుకుంది.

పొదుపులో ఎయిమ్‌పాయింట్ ఘనత చూడండి. బొత్తాంలాంటి సీఆర్2032 బ్యాటరీలో దాదాపు 225 మిల్లీయాంప్ అవర్ల సరుకు ఉంటుంది. మామూలు సూచిక ఎల్‌ఈడీ 20 మిల్లీయాంపులు తాగి 11 గంటల్లో దాన్ని ఖాళీ చేస్తుంది. ఆ కంపెనీ చిన్న మోడల్ టీ-1 అదే బ్యాటరీతో 50,000 గంటలు, అంటే ఐదేళ్లు దాటి వెలుగుతుందని చెబుతారు. భాగించి చూస్తే మిల్లీయాంపులో 200వ వంతు కరెంటు కూడా కాదు. కన్ను ఉండేది ఆ కిరణాల దారిలోనే కాబట్టి అంత తక్కువ వెలుగూ సరిపోతుంది.

1990ల్లో మిషిగన్ నుంచి పోటీ వచ్చింది. ఆటలో పిల్లలు 'హోలో' అనేది దాన్నే. ఈవోటెక్ కంపెనీ కిటికీలో దర్పణానికి బదులు గురి గుర్తుని హోలోగ్రామ్‌గా గాజులో ముద్రించి లేజరుతో వెలిగించింది. గాజు సగం పగిలినా మిగిలిన ముక్కలో గుర్తంతా కనిపిస్తుంది. నా మనసు ఎప్పుడూ దాని వైపే మొగ్గుతుంది, అందంలో దానికి సాటి లేదు. కానీ లేజరుకి ఆకలి ఎక్కువ, చాలా మోడళ్లలో బ్యాటరీ వెయ్యి గంటల అటూ ఇటూ. వేడికీ చలికీ లేజరు తరంగదైర్ఘ్యం మారితే గుర్తు దిక్కే మారిపోతుంది. దాన్ని సరిచేయడానికి లోపల ఇంకో ఏర్పాటు ఉంటుంది. అయినా ఉష్ణోగ్రత మారితే గురి తప్పుతోందన్న సంగతి దాచారని అమెరికా ప్రభుత్వం దావా వేసింది. 2015లో మాతృసంస్థ ఎల్-3 రాజీపడి 2 కోట్ల 56 లక్షల డాలర్లు చెల్లించింది.

ఈ ఇద్దరి కొట్లాట మధ్యలోంచి హోలోసన్, సిగ్ సావర్ లాంటి కంపెనీల నుంచి చవక రకాలు వచ్చాయి. ఎయిమ్‌పాయింట్ ధరలో నాలుగో వంతు, అంతకన్నా తక్కువకే రోమియో-5 లాంటివి దొరుకుతున్నాయి. కదిలిస్తే వెలిగి, పక్కన పెడితే ఆరిపోతాయి. అమెరికాలో రైఫిలున్న మన తెలుగువాళ్లెవరైనా అడిగితే ఈ తరగతి చాలంటాను. దానికన్నా కిందికి దిగితే నేను విప్పిన సరుకే. వెలుగు ఎన్ని మెట్లలో మారుతుంది, చుక్క ఎరుపా ఆకుపచ్చా అన్న ముచ్చట్లు వదిలెయ్యండి. చుక్క నక్షత్రంలా చీలి కనిపిస్తుంటే వస్తువుని తిట్టేముందు ఫోన్ కెమెరాతో కిటికీలోంచి ఫొటో తియ్యండి. ఫొటోలో గుండ్రంగా ఉంటే లోపం మీ కంటిది, అస్టిగ్మాటిజం. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అసలు పరీక్షకి తుపాకీతో పనిలేదు. రెడ్ డాట్‌ని కదలకుండా బల్ల మీద బిగించి, 50 మీటర్ల దూరంలో గోడ మీద ఒక గుర్తు పెట్టి, చుక్కని దాని మీద నిలపండి. దాన్ని ముట్టుకోకుండా తల మాత్రం జరుపుతూ, చుక్కని కిటికీ ఈ అంచునుంచి ఆ అంచుకి తీసుకెళ్లండి. 2 సెంటీమీటర్ల వెడల్పు కిటికీ అయితే, గోడ మీద చుక్క కూడా 2 సెంటీమీటర్లకి అటూ ఇటూగానే జరగాలి. 10 సెంటీమీటర్లు జరిగిందా, ఎంత చవకైనా వెనక్కిచ్చెయ్యండి.