ఉప్పు గాలిలో బండి స్నానం

ఖతార్ రాజధాని దోహా నుంచి ఉత్తరానికి వంద కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే, ద్వీపకల్పం కొసన మదీనత్ అల్ షమాల్ వస్తుంది. పక్కనే అల్ రువైస్ రేవు. నైరుతి దిక్కున 2013లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన అల్ జుబారా. ఎడారి అనగానే మనకు తోచే ఇసుక దిబ్బలు ఇక్కడ లేవు, వాటికోసం దేశం ఆగ్నేయ తీరాన ఉన్న సీలైన్‌కు పోవాలి. ఇక్కడున్నది సున్నపురాయి నేల, మూడు వైపులా సముద్రం, తీరం వెంట అక్కడక్కడ సబ్ఖా అనే ఉప్పు పర్రలు. ఇలాంటి నేల మీద తిరిగొచ్చిన మోటోక్రాస్ బండిని ఎలా కడగాలన్నది నిజానికి రసాయనశాస్త్రపు ప్రశ్న.

మోటోక్రాస్ ఖతార్‌కు కొత్త కాదు. 2013 నుంచి 2017 దాకా ఏటా దోహా దగ్గరి లుసైల్ సర్క్యూట్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ రౌండు ఫ్లడ్‌లైట్ల వెలుగులో జరిగింది. అయితే ఈ ఆట పుట్టి పెరిగింది యూరప్ బురదలో. ప్రెషర్ వాషర్‌తో బండిని దులిపి పారేసే అలవాటు కూడా అక్కడిదే. బురద కంటికి కనిపిస్తుంది, పోయిందో లేదో తెలుస్తుంది. ఉప్పుతో ఆ సౌకర్యం లేదు.

మన ఇళ్లలో వానాకాలం కల్లుప్పు జాడీ చెమ్మగిల్లడం అందరికీ తెలుసు. శుద్ధమైన సోడియం క్లోరైడ్ అంత తేలిగ్గా తడవదు, గాలిలో తేమ 75 శాతం దాటితేనే నీటిని లాక్కుని కరుగుతుంది. కల్లుప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు మాత్రం 33 శాతం తేమ చాలు. సముద్రపు నీరు ఆవిరైపోయేటప్పుడు మామూలు ఉప్పు ముందే గడ్డకడుతుంది, మెగ్నీషియం లవణాలు చివరిదాకా నీటిలోనే మిగులుతాయి. సబ్ఖా నేలల్లో ఈ మిగులు కూడా పేరుకుంటుంది. పైగా ప్రపంచ సముద్రాల్లో కిలో నీటికి సగటున 35 గ్రాముల ఉప్పుంటే, గల్ఫ్‌లో అది 40 దాటుతుంది. అందువల్ల పర్ర మీద తిరిగొచ్చిన బండి చూపుకి పొడిగా ఉన్నా, షెడ్డులో నిలబడే రాత్రంతా గాలిలోని తేమను తాగుతూనే ఉంటుంది.

ఆ తేమలో కరిగిన క్లోరైడ్ ఏం చేస్తుంది? అల్యూమినియం ఫ్రేము మీద సహజంగా ఏర్పడే ఆక్సైడ్ పొర లోహానికి కవచం. క్లోరైడ్ దాన్ని అక్కడక్కడ ఛేదిస్తుంది, ఆ చోట్ల సూదిమొనంత గుంటలు పడతాయి. అల్యూమినియంలో బిగించిన స్టీలు బోల్టు దగ్గర వ్యవహారం ఇంకా ముదురుతుంది. రెండు లోహాలు, నడుమ ఉప్పునీరు: చిన్న బ్యాటరీ తయారైనట్టే. అందులో తినబడేది అల్యూమినియం. అక్కడ పుట్టే తెల్లటి పొడి మరల్లో ఇరుక్కుని బోల్టు పట్టేస్తుంది. స్పానర్ వేసి బలంగా తిప్పితే మర ఊడి చేతికొస్తుంది. బిగించేటప్పుడే మరలకు కాస్త గ్రీజు రాస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఉప్పుకు మందు నీళ్లే, ధార కాదు. ఉప్పు తనంతట తానే కరుగుతుంది, దాన్ని కొట్టక్కర్లేదు. మామూలు పైపుతో మెల్లగా, దండిగా నీళ్లు పోసి నానబెట్టాలి. చక్రాల బేరింగుల రబ్బరు సీళ్లు దుమ్మును ఆపడానికి, గ్రీజును నిలపడానికి పెట్టినవి. వంద బార్ల ధార ముందు అవి నిలవవు. ఉప్పునీరు లోపలికి, గ్రీజు బయటికి.

వేడి బండి మీద నీళ్లు పోయడం ఇంకో పొరపాటు. 80 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న బేరింగు మీద 30 డిగ్రీల నీళ్లు పడ్డాయనుకోండి. లోపల బందీగా ఉన్న గాలి కెల్విన్ లెక్కలో 353 నుంచి 303కి చల్లబడుతుంది, పీడనం 14 శాతం పడిపోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి సీలు అంచున నిలిచిన నీటినే లోపలికి పీలుస్తుంది. ప్రెషర్ వాషర్ లేకపోయినా సరే! బండిని చేత్తో తాకగలిగేంత చల్లారనివ్వాలి. పొగగొట్టం మూతికి ప్లగ్గు పెట్టాలి, ఎయిర్‌బాక్సు మూసెయ్యాలి. ఇక గిన్నెల సబ్బు ద్రవం సంగతి. చాలా వాటిలో చిక్కదనం కోసం ఉప్పే కలుపుతారు. బండ్ల కోసం అమ్మే షాంపూ నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే మేలు.

ఖతార్‌లో కుళాయికి వచ్చేది ఎక్కువగా సముద్రం నుంచి ఉప్పు తీసిన నీరు, కాబట్టి కడగడానికి బాగా పనికొస్తుంది. నల్లగొండలోనో నిజామాబాద్‌లోనో బోరు నీళ్లతో బండి కడిగి, ఆరాక తెల్ల మరకలు చూసి విసుక్కున్నవాళ్లకి ఈ తేడా చెప్పక్కర్లేదు.

ధూళిది వేరే కథ. వేసవిలో వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలి ఇరాక్ మైదానాల దుమ్మును మోసుకొస్తుంది. స్థానిక సున్నపు ధూళిలోని కాల్సైట్ మెత్తన, మోస్ స్కేలుపై కాఠిన్యం 3. గాలి తెచ్చే క్వార్ట్జ్‌ది 7. ఇంజన్‌లోకి దూరితే పిస్టన్ రింగులను, సిలిండర్ గోడను గీసేది అదే. దాన్ని ఆపాల్సిన ఫోమ్ ఫిల్టరు రంధ్రాలు ధూళికణం కన్నా చాలా పెద్దవి. మరి ఎలా ఆపుతుంది? గాలి ఫోమ్ పోగుల చుట్టూ వంపులు తిరుగుతూ పోతుంది. బరువున్న కణం అంత చురుగ్గా తిరగలేక తిన్నగా వెళ్లి పోగుకు కొట్టుకుంటుంది, అక్కడున్న జిగురు నూనెకు అంటుకుపోతుంది. నూనె లేని ఫోమ్ పేరుకే ఫిల్టరు. దాన్ని పెట్రోలుతో కడిగితే అతుకుల జిగురు వదిలిపోతుంది, నిప్పు ప్రమాదం సరేసరి. ఫిల్టర్ క్లీనర్‌తో, తర్వాత సబ్బునీళ్లతో, పిండకుండా నొక్కుతూ కడిగి, నీడన పూర్తిగా ఆరాకే కొత్త నూనె పట్టించాలి.

కడిగిన బండి గాలికి అదే ఆరుతుందిలే అని వదిలేస్తే, తీరపు తేమలో తెల్లారినా ఆరదు. బ్లోయర్‌తో మూలమూలలా ఊది, ఇంజన్ కాసేపు నడిపి, చైనుకు నూనె వెయ్యాలి. ఈ బండ్ల సర్వీసు కిలోమీటర్లతో కాదు, ఇంజన్ నడిచిన గంటలతో లెక్క. అదే లెక్కన వెనక సస్పెన్షన్ లింకేజీని విప్పి చూడాలి. గ్రీజు రంగు మారకుండా ఉంటే తుడిచి కొత్తది పెడితే చాలు. పాలలా తెల్లబడిందంటే నీరు చేరినట్టే, అప్పుడు బేరింగు సూదులను కడిగి ఒక్కొక్కటిగా తుప్పు కోసం చూడక తప్పదు.