గుఱక, నిద్రలో ఊపిరి నిలుచుట, దేహభారము

గుఱక పెట్టువాడు గాఢముగ నిద్రించుచున్నాడని మన పల్లెలలో తలంతురు. ఇది యన్ని వేళల నిజము కాదు. కొందఱి గుఱక నడుమ నడుమ ఆగిపోవును. ఱొమ్ము ఎగసిపడుచుండును గాని గాలి లోనికి పోదు. కొంతసేపటికి ఉక్కిరిబిక్కిరియై పెద్ద చప్పుడుతో మరల ఊపిరి తీయుదురు. దీనినే వైద్యులు స్లీప్ ఆప్నియా యందురు. తఱచుగ రోగి దీని నెఱుగడు. ప్రక్కన పరుండిన యిల్లాలు ఎఱుగును. కావున నీ వ్యాసమును ఇంటివారికి గూడ చదివి వినిపింపవలయునని సభ్యులను కోరుచున్నాము.

మేము వైద్యులము కాము, వ్యవసాయ ప్రదర్శకులము. అయినను దీని మర్మము పంపుసెట్టు నెఱిగిన రైతునకు సులభముగ బోధపడును. పంపు నీరు పీల్చు వైపున మెత్తని గొట్టము తగిలించినచో, మోటారు లాగినంతనే అది యణగి మూసికొనును. అందుచేతనే ఆ వైపున గట్టి గొట్టము వాడుదుము. మన గొంతు మెత్తని కండతోనైన గొట్టము. మెలకువలో కండలు దానిని తెఱచి యుంచును. నిద్రలో నవి సడలును. నాలుకలోను గొంతు చుట్టును కొవ్వు చేరినచో దారి యిరుకై, ఊపిరి పీల్చినపుడు మూసికొనును.

గాలి పది సెకండ్లయినను ఆగుట గాని, మిక్కిలి తగ్గుట గాని జరిగినచో దాని నొక యాటంకముగ లెక్కింతురు. ఇట్టివి గంటకు 5 మొదలు 15 లోపున్న స్వల్పము, 15 మొదలు 30 లోపున్న మధ్యమము, 30గాని అంతకు మించిగాని యున్న తీవ్రము. ఇట్టివారికి ఉదయము తలనొప్పి, పగలు కునికిపాట్లు కలుగవచ్చును; రక్తపుపోటు హెచ్చవచ్చును. ట్రాక్టరు నడుపుచు కునుకు తీసినచో ప్రాణమునకే ముప్పు.

బరువు తగ్గిన నీ జబ్బు తగ్గునా? తగ్గును. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున జరిగిన పరిశీలన 2000లో ప్రకటింపబడెను. దేహభారము నూటికి పది పాళ్లు పెరిగినచో ఆటంకములు నూటికి 32 పాళ్లు హెచ్చుననియు, పది పాళ్లు తగ్గినచో 26 పాళ్లు తగ్గుననియు అందు అంచనా వేసిరి. 90 కిలోల మనిషి 9 కిలోలు తగ్గెననుకొందము. ఆ లెక్కను గంటకు 50 ఆటంకములు 37కు దిగును. లాభము గొప్పదే, కాని 37 యనిన నింకను తీవ్రమే గదా! 2009లో ప్రకటితమైన వేఱొక అమెరికా పరిశీలనలో మధుమేహము గల స్థూలకాయులు ఏడాదిలో సగటున పది కిలోలకు పైగా తగ్గిరి. అయినను జబ్బు పూర్తిగ విడిచినది వారిలో నూటికి సుమారు 14 మందికే.

ఇక సీపాప్ అను యంత్రము. దీనిని 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివాన్ లోకమునకు దెలిపెను. చుట్టగా చుట్టి యుంచు పలుచని నీటి గొట్టము లోపల నీరు త్రోసినపుడే విచ్చుకొనును. అట్లే ఈ యంత్రము ముక్కు తొడుగు ద్వారా గాలిని మెల్లగ త్రోయుచు గొంతును తెఱచి యుంచును. యంత్ర మాపినచో రోగము యథాప్రకారమే.

కావున బరువు తగ్గి గుఱక సన్నగిల్లినంతనే యంత్రమును అటుక మీద పెట్టరాదు. గుఱక తగ్గుట వేఱు, ఆటంకములు తగ్గుట వేఱు. మరల రాత్రి పరీక్ష చేయించి, వైద్యుని సెలవు మీదనే మానవలయును. ముఖము చిక్కినపుడు తొడుగు వదులగును. గాలి యొత్తిడియు మార్పవలసి యుండవచ్చును.

బరువు తగ్గుటకు ఉపవాసములతో నొక్కమాఱుగా కృశింప బనిలేదు. రెండవ మాఱు వడ్డించుకొను అన్నమును తగ్గించి, కూరలు, పప్పు హెచ్చింపవలయును. ట్రాక్టరు వచ్చిన పిమ్మట మానిన నడకను మరల పట్టవలయును. కల్లు, సారాయి గొంతు కండలను సడలించును గావున మానవలయును. వెల్లకిల పరుండుటకంటె ప్రక్కకు తిరిగి పరుండుట పలువురికి మేలు.

సన్ననివారికి గూడ చిన్న దవడ వలనను, ఉబ్బిన టాన్సిళ్ల వలనను ఈ జబ్బు రావచ్చును. కనుక దేహమును జూచి కాక ఊపిరిని జూచి తెలిసికొనవలయును. నేటి రాత్రియే ఇంటివారు కొంతసేపు మేల్కొని ఆలకింతురు గాక.